పట్నం అంచున ఉన్న ఊరికి చరిత్ర రాయాలంటే

ఊరి చరిత్ర రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ఊరి పేరు దగ్గర మొదలుపెడతారు. ఫలానా మహర్షి ఇక్కడ తపస్సు చేశాడు, ఫలానా రాజు వేటకొచ్చి దాహమేసి ఆగాడు, అందుకే ఆ పేరొచ్చింది అని రెండు పేజీలు నింపుతారు. మూడో పేజీకి సరుకుండదు. పేరు కథను ఆఖరికి పెట్టుకోండి. మొదలుపెట్టాల్సింది పొలంతో.

ఎందుకంటే నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో ముందుగా మాయమయ్యేది చేను పేరే. లేఔట్ పడ్డాక జువ్విమాను చేను, పీర్లమాన్యం, దొరువు మెరక అన్నీ ప్లాటు నంబర్లయిపోతాయి. గుడి మిగులుతుంది, బొడ్రాయి మిగులుతుంది, పోలేరమ్మ మిగులుతుంది. చేల పేర్లు తెలిసినవాళ్లు మాత్రం డెబ్బై ఏళ్లు దాటినవాళ్లే, వాళ్లు ఎప్పటికీ ఉండరు. కాబట్టి పనికి వరస ఇది: ముందు పటం, తర్వాత పెద్దవాళ్లు, ఆ తర్వాత కచేరీ కాగితాలు, చివరికి శాసనాలూ పుస్తకాలూ. పుస్తకాలు ఎక్కడికీ పోవు.

ఈ పని బాగా అలవాటైన దేశం ఇంగ్లండు. అక్కడ పట్నం పక్క పల్లె ఏదైనా సరే, దాని చరిత్ర రాయడానికి నాలుగు కాగితాలు దాదాపు సిద్ధంగా ఉంటాయి. 1086లో ఇంగ్లండు రాజు ఊరూరా రాయించిన డూమ్స్‌డే లెక్కలో ఊళ్లో ఎన్ని నాగళ్లు, ఎన్ని పిండి మరలు, ఎంత పచ్చిక ఉందో ఉంటుంది. 1538 నుంచి ప్రతి చర్చి తన పరిధిలోని బాప్తిస్మం, పెళ్లి, ఖననం రాసిపెట్టాలని ఆజ్ఞ వచ్చింది. 1836 చట్టం తర్వాత, చర్చికి కట్టే పదోవంతు పన్ను లెక్క తేల్చడానికి గీసిన దశమభాగపు పటాల్లో ఒక్కొక్క చేనుకూ నంబరు, దాని పక్కన చేను పేరు, యజమాని, సాగుదారు, పంట ఉంటాయి. 1841 నుంచి జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు కూడా దొరుకుతాయి. నాటింగ్‌హామ్‌షైర్‌లో న్యూఆర్క్ పట్నానికి ఉత్తరాన లాక్స్‌టన్ అనే పల్లె ఉంది. 1635లో గీసిన దాని పటం ఇప్పటికీ ఉంది. గట్లూ కంచెలూ లేని మూడు పెద్ద ఉమ్మడి పొలాల సాగు కూడా అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది. ఏటా నవంబరు ఆఖర్లో ఊరి పెద్దమనుషులు పొలాల్లో తిరిగి, ఎవరన్నా దారిలోకి దున్నేశారేమో చూస్తారు. దున్నినవాళ్లకు జరిమానా వేస్తారు. డొంక ఆక్రమణ అంటే మనకు కొత్తగా చెప్పాలా?

తేడా ఒక్కటే. అక్కడ ఊరి పుస్తకం పాదిరి చేతిలో ఉండేది, అందుకని మనుషుల పేర్లు దొరుకుతాయి. మన ఊరి పుస్తకం కరణం చేతిలో ఉండేది, అది భూమిని రాసింది, శిస్తు కట్టేవాణ్ణి రాసింది. శిస్తు కట్టని మనిషి దాంట్లో లేడు. ఇది మనసులో పెట్టుకోకుండా రాస్తే ఊరి చరిత్ర పది భూస్వామి కుటుంబాల చరిత్ర అవుతుంది. పల్లెల్లో అచ్చయిన పుస్తకాల్లో సగానికి సగం ఆ గుంటలోనే పడ్డాయి.

ముందు ఊరు ఏదో తేల్చుకోవాలి

నవ్వొచ్చే మాటే గాని, పని చెడేది ఇక్కడే. రెవెన్యూ గ్రామం వేరు, పంచాయతీ వేరు, శివారు పల్లె వేరు. ఒక రెవెన్యూ గ్రామంలో నాలుగు పాలేలు, ఒక కండ్రిగ, ఒక అరుంధతీవాడ ఉండొచ్చు. రెండు రెవెన్యూ గ్రామాలు కలిసి ఒకే పంచాయతీ కావొచ్చు. బేచిరాకు గ్రామాలుంటాయి, అంటే లెక్కల్లో పేరుంటుంది, పొలముంటుంది, ఇల్లుండదు. మీ పక్కన అలాంటిది ఉంటే వదలకండి. అక్కడివాళ్లు ఎప్పుడు, ఎందుకు లేచిపోయి మీ ఊళ్లో చేరారన్నదే ఒక అధ్యాయం.

పట్నంలో కలిసిన ఊళ్లకు ఇంకో చిక్కు. నెల్లూరు మున్సిపాలిటీ 1866 నాటిది, 2004లో కార్పొరేషన్ అయ్యింది. ఒంగోలు 1876లో మున్సిపాలిటీ, 2012లో కార్పొరేషన్. పట్నంలో విలీనమైన రోజు నుంచి ఆ ఊరికి జనాభా లెక్క విడిగా దొరకదు, వార్డుల్లో కలిసిపోతుంది. విలీనం జీవో నంబరు, తేదీ సంపాదించి మొదటి పేజీలోనే రాసుకోండి. ఆ తేదీకి ముందు లెక్కలు ఒక తీరు, తర్వాత లెక్కలు ఇంకో తీరు.

జిల్లా కూడా మారుతూ వచ్చింది. ఒంగోలు తాలూకా ఊళ్లు 1904 దాకా నెల్లూరు జిల్లా, అప్పుడు కొత్తగా పుట్టిన గుంటూరులోకి వెళ్లాయి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 2022 విభజనలో కందుకూరు మళ్లీ నెల్లూరుకు పోయింది, అద్దంకి, చీరాల బాపట్లకు పోయాయి. ఏ కాగితం కోసం ఏ జిల్లా కచేరీకి వెళ్లాలో ఈ తేదీలే చెబుతాయి. ఒంగోలు పక్క ఊరి శాసనం కావాలంటే నెల్లూరు శాసనాల సంపుటాల్లో వెతకాలి. తెలియనివాళ్లు గుంటూరు పుస్తకాలు తిరగేసి ఏమీ లేదని వచ్చేస్తారు.

పటం, దాన్ని చదివే పద్ధతి

కావలసినవి మూడు. ఒకటి, గ్రామ పటం. పాతవి మైలుకు 16 అంగుళాల కొలతలో ఉంటాయి, ఊరంతా ఒకటి రెండు షీట్లలో వస్తుంది. రెండు, ఎఫ్.ఎం.బి., ప్రతి సర్వే నంబరుకూ విడిగా గీసిన కొలతల పుస్తకం. మూడు, ఆర్.ఎస్.ఆర్., ఆ నంబరు ఎవరి పేర ఉంది, మాగాణా మెట్టా, ఎన్ని ఎకరాలు, ఎంత శిస్తు అని ఉండే రిజిస్టరు. గ్రామ పటం మీభూమి సైట్‌లో చూసుకోవచ్చు. పాత షీటు నకలు కావాలంటే మండల సర్వేయరును అడగండి, అక్కడ చిరిగిపోయి ఉంటే జిల్లా సర్వే, భూమి రికార్డుల కార్యాలయానికి వెళ్లండి.

వాళ్లు ‘ఇవ్వం’ అంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కచేరీకి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైవాటికి 10. నకలుకు పేజీకి 2 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో ‘మా ఊరి చరిత్ర ఇప్పించండి’ అని రాస్తే ‘సమాచారం లేదు’ అని వస్తుంది. ‘ఫలానా గ్రామం ఆర్.ఎస్.ఆర్. మొత్తం పేజీల నకలు’ అని వస్తువు పేరు పెట్టి అడగాలి.

ఎఫ్.ఎం.బి. చదివేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. పాత పటాల్లో గట్టు పక్కన ఉన్న అంకె అడుగులు కాదు, మీటర్లు కాదు, లింకులు. సర్వే గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. అంటే లింకు 7.92 అంగుళాలు. గట్టు మీద 250 అని ఉంటే 165 అడుగులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఈ లెక్క పట్టుకుంటే పాత చెరువు కట్ట ఎంత పొడవుండేది, డొంక ఎంత వెడల్పుండేది ఇంట్లో కూర్చునే తేల్చొచ్చు. డొంక పటంలో 40 లింకులుండి ఇవాళ పన్నెండడుగులు మిగిలితే, 26 అడుగుల దారిలో సగానికి పైగా ఎటు పోయిందో రాయడానికి కథలక్కర్లేదు.

రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే పట్టిక సర్వేయరు దగ్గర ఉంటుంది, నకలు ముందే తీసుకోండి. అది లేకపోతే 1984కు ముందు కాగితాలన్నీ గాలిలో వేలాడతాయి. ఆ ఏడాదే కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. దస్త్రాలు కొన్ని తహసీల్దారు కచేరీకి చేరాయి, కొన్ని కరణాల ఇళ్లల్లోనే అటకెక్కాయి. పాత కరణం గారి మనవళ్లను మర్యాదగా అడిగితే చాలామంది చూపిస్తారు. ఫోటో తీసుకోండి, కాగితం తీసుకెళ్తామనకండి.

ఆర్.ఎస్.ఆర్. దొరకకపోతే కంగారు పడొద్దు. మీ ఊరు వెంకటగిరి లాంటి జమీందారీలో ఉండొచ్చు. ఆ ఊళ్లకు సర్కారు శిస్తు రిజిస్టరు ఉండదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత చేసిన సర్వేతో వచ్చిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలే (నంబరువారీ భూమి లెక్కల పుస్తకం) మొదటి కాగితం. దానికి ముందు లెక్కలు జమీందారు కచేరీవి.

ఇనాం ఫెయిర్ రిజిస్టరును మాత్రం వదలొద్దు. ఇనాం కమిషన్ 1858లో మొదలైంది, ఆ తర్వాతి పదేళ్లలో ఊరూరా మాన్యాల విచారణ జరిపి రాసిన పుస్తకమిది. గుడి మాన్యం, భట్టవృత్తి (బ్రాహ్మణులకిచ్చిన మాన్యం), చాకలి మాన్యం, మంగలి మాన్యం, కుమ్మరి మాన్యం, పీర్లమాన్యం ఒక్కొక్కదానికీ ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎంత విస్తీర్ణం, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, ఎంత జోడి (మాన్యం మీద కట్టే తక్కువ శిస్తు) కట్టాలి అని ఉంటుంది. పట్టాభూమి లేని చేతిపనివాళ్ల పేర్లు సర్కారు కాగితంలో ముందుగా కనిపించేది చాలా ఊళ్లలో ఇక్కడే. జిల్లా కచేరీ రికార్డు గదిలో దొరక్కపోతే రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి.

ఇప్పుడు పటానికి పెద్ద నకలు తీయించండి. రెండడుగుల వెడల్పు తగ్గకూడదు, ఫ్లెక్సీ షాపులో ప్లాటర్ ఉంటే అదే చాలు. అది చుట్టి చంకన పెట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికి బయలుదేరాలి.

అడగడం

‘మా ఊరి చరిత్ర చెప్పు తాతా’ అంటే ఆయన గొంతు సవరించుకుని స్థలపురాణం ఎత్తుకుంటాడు. అలా అడగొద్దు. పటం నేల మీద పరిచి వేలు పెట్టి అడగండి.

‘అవ్వా, ఈడ తూముండేదా?’

‘తూమేంది నాయనా, రెండుండాయి. పెద్ద తూము, దానికి దిగువన మాలోళ్ల తూము.’

‘ఆ పేరెందుకొచ్చింది?’

‘ఆ నీళ్లు వాళ్ల చేలకే పొయ్యేది. మా నాయన నీరుగంటి, ఆయనే తెరిచేది.’

ఒక్క తూము మీద వేలు పెడితే నీటి వంతు, కులం, వృత్తి మూడూ బయటికొచ్చాయి. ఇలాగే సాగాలి: ఈ గట్టు మీద ఏ చెట్టుండేది, కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) పారితే ఏ వీధి మునిగేది, గొడ్లు ఏ డొంకలో పొయ్యేవి, పీనుగును ఏ దారిన తీసుకెళ్లేవాళ్లు. ఆఖరి ప్రశ్న మొహమాటపడకుండా అడగండి, మర్యాదగా అడగండి. శ్మశానాల దారి చెప్పినంత కచ్చితంగా ఊళ్లో వాడల సరిహద్దుల్ని ఇంకేదీ చెప్పదు.

ఒక మనిషితో గంటకు మించొద్దు. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, మొదట్లోనే తేదీ, స్థలం, మాట్లాడేవారి పేరు, వయసు పలకండి. ఫ్యాను కింద కూర్చుంటే రికార్డింగు పనికిరాదు, గాలి హోరే వినిపిస్తుంది. ఇంటికెళ్లి అదే రాత్రి చేను పేర్లు, మనుషుల పేర్లు కాగితం మీద పెట్టండి. వారం ఆగితే మీ గొంతు మీకే అర్థం కాదు. ఆడవాళ్లను విడిగా అడగాలి. మగవాళ్లు పక్కనుంటే ‘ఆయన్నే అడగండి’ అని లోపలికి పోతారు. నాట్లు, కోతలు, కూలి కొలతలు, పురుళ్లు, ఎవరి ఇంటి నీళ్లు ఎవరు తాగరు అన్నవి వాళ్లకే తెలుసు.

సారా వ్యతిరేక ఉద్యమం గురించి నెల్లూరు పల్లెల్లో ఏ ఆడమనిషిని అడిగినా కథ ఉంటుంది. 1992లో దూబగుంటలో రోశమ్మ వాళ్లు మొదలుపెట్టిన పోరాటం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. మీ ఊళ్లో సారా కొట్టు ఏ ఇంట్లో ఉండేది, వేలంపాట ఎన్నాళ్లు ఆగింది, ఎవరు చీపుర్లు పట్టుకెళ్లారు అన్నవి రాయకపోతే మీ ఊరు ఆ చరిత్రలో లేనట్టే.

సంవత్సరం ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మొద్దు. మేకులు కొట్టుకోవాలి. 1967 మార్చి 27న ఒంగోలు భూకంపం. 1977 నవంబరు ఉప్పెన. 1979 మే తుపాను. 1992 సారా గొడవ. ‘భూకంపం నాటికి మీకు పెళ్లయ్యిందా?’, ‘ఉప్పెన ఏడు ఈ ఇల్లు పూరిల్లా, మిద్దా?’ అని అడిగితే రెండు మూడేళ్ల తేడాతో కాలం దొరుకుతుంది. బడి రిజిస్టరులో పుట్టినరోజులు చూసి మురిసిపోవద్దు. పాత అడ్మిషన్ రిజిస్టర్లలో జులై ఒకటిన పుట్టినవాళ్లు వరసగా కనిపిస్తే అది అయ్యవారు వేసిన తేదీ. ఆ రిజిస్టరులో పనికొచ్చేది తండ్రి వృత్తి, కులం, బడి మానేసిన నెల. మానేసిన నెలలు లెక్కేస్తే ఏ నెలలో కూలి పనులెక్కువో బయటపడుతుంది.

కాగితాల్లో సంవత్సరాలు మూడు రకాలు. ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం. ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా. శకానికి 78 కలపాలి, మాఘ ఫాల్గుణాలైతే 79 కావొచ్చు. తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉంటే జాగ్రత్త, అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ధాత 1876లో వచ్చింది, 1936లో వచ్చింది, 1996లో వచ్చింది. పెద్దవాళ్లు ‘ధాత కరువు’ అంటే అది 1876 నాటిదే, వాళ్ల తాతలు చెప్పిన మాట.

కొలతలదీ అదే గోల. నెల్లూరులో ఇవాళ ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. పాత కాగితంలో పుట్టి కనిపిస్తే ఈ లెక్క దానికి వేయొద్దు, అప్పటి పుట్టి తూముల్లో కొలిచింది. అంకణం ఒకచోట 36 చదరపు అడుగులు, ఒకచోట 72. ఏ ఊరి అంకణమో పక్కనే రాయాలి.

నీళ్లు

నెల్లూరు వైపు ఊరి చరిత్ర అంటే నీటి చరిత్రే. పెన్న మీద నెల్లూరు ఆనకట్ట 1855లో, సంగం ఆనకట్ట 1886లో వచ్చాయి. మీ ఊరు వాటి కాలువల కింద ఉంటే ఆ తేదీకి ముందు మెట్ట, తర్వాత మాగాణి అని ఊహించుకోకండి. ముందే చెరువు కింద మాగాణి ఉండి, కాలువ వచ్చాక చెరువుకు నీళ్లందడం మొదలైన ఊళ్లు ఎక్కువ. చెరువు ముందా, కాలువ ముందా అన్నది కట్ట మీద తెలుస్తుంది. కాలువ చెరువులో కలిసే చోట కట్టడం ఇటుకా, చెక్కిన రాయా, కాంక్రీటా చూడండి. తూము పక్క నిలువు రాళ్లను నాలుగు వైపులా చూడండి, చెరువు తవ్వించినవాడి శాసనం అక్కడ నిలబెట్టడం పాత అలవాటు. మన పడమటి సరిహద్దు అవతల, కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో, ఏమేం ఉండకూడదో వివరంగా చెబుతుంది. మీ చెరువుకు అవి ఎన్ని ఉన్నాయో సరిచూసుకోవచ్చు.

ఒంగోలు వైపు మెట్ట ఊళ్లకు ఈ అధ్యాయం చిన్నది. అక్కడ బావులు, ఊరగుంటలు, పొగాకు రాయండి. పొగాకు కాల్చే బ్యారన్లు కూలిపోయినా వాటి ఇటుక గోడల గుర్తులుంటాయి. ఎన్ని ఉండేవి, కట్టె ఏ అడవి నుంచి వచ్చేది, ఎప్పుడు మూశారు అన్నది అడగండి. తీరంలో రొయ్యల గుంటలు పడిన ఊళ్లలో పాత గట్లు చూద్దామన్నా ఉండవు, అక్కడ పాత పటమే దిక్కు.

మనుషులు

పైన చెప్పిన గుంటలో పడకుండా ఉండాలంటే ఇక్కడ కాస్త కష్టపడాలి. భూమి లేనివాళ్ల పేర్లు దొరికే చోట్లలో మొదటిది చర్చి రిజిస్టరు. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరు చేరింది. 1866లో ఆ మిషను తరఫున క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని మాదిగపల్లెల జనానికి కూలి చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఒంగోలు చుట్టుపక్కల దళితవాడల్లో చాలా కుటుంబాలకు తాతముత్తాతల పేరు కాగితం మీదికి ఎక్కింది ఆ కాలపు సంఘ రిజిస్టర్లలోనే. ఇంగ్లండు పల్లెకు 1538లో దొరికిన పుస్తకం మన వాడకు మూడున్నర శతాబ్దాల తర్వాత దొరికింది, అదీ ఊరికి కాదు, వాడకు. సంఘపెద్దను అడిగి, ఆయన ముందే కూర్చుని రాసుకోండి. పాత పేరు, కొత్త పేరు రెండూ ఉంటే రెండూ ఎత్తి రాయండి.

మసీదు, దర్గా ఉంటే పీర్ల చావిడి మాన్యం ఎవరి పేర ఉందో ఇనాం రిజిస్టరుతో కలిపి చూడాలి. కొట్టాల్లో ఉండే యానాదుల పేర్లు మాత్రం ఏ పాత పుస్తకంలోనూ సరిగ్గా దొరకవు. వాళ్ల దగ్గరికి వెళ్లి అడగడమొక్కటే దారి.

జనాభా లెక్కలకు జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు 1951 నుంచి ఉన్నాయి, సెన్సస్ సైట్‌లో దించుకోవచ్చు. 1961 సెన్సస్ వాళ్లు జాతరలు, పండుగల మీద జిల్లాకొక సంపుటం వేశారు. మీ పోలేరమ్మ కొలుపు అందులో ఉంటే అప్పటి తంతు ఉన్నదున్నట్టు దొరుకుతుంది.

రాళ్లు

నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తాలూకాల వారీగా ఉంటాయి, ఒంగోలు తాలూకా కూడా అందులోనే ఉంది. ఇంటర్నెట్‌లో స్కాన్ ప్రతి దొరుకుతుంది. ముందు దాంట్లో మీ ఊరుందో చూసి, తర్వాత గుడికి వెళ్లండి. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఇప్పటిలా ఉండదు, నాలుగైదు రకాలుగా వెతకాలి. 1873లో బాస్వెల్ రాసిన జిల్లా మాన్యువల్ కూడా పక్కన పెట్టుకోండి.

రాయి దొరికితే: మామూలు నీళ్లు, మెత్తని కుచ్చు బ్రష్, అంతే. పసుపు, సుద్ద, సున్నం, యాసిడ్ ఏదీ తాకించొద్దు. సుద్దతో అక్షరాలు దిద్దితే మీరు అనుకున్న అక్షరమే కనబడుతుంది, ఉన్న అక్షరం కనబడదు. ఫోటో మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ తేలదు. పొద్దువాలేటప్పుడు గానీ, చీకటి పడ్డాక టార్చి రాతికి బాగా పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుని గానీ తీయాలి. ఎడమ, కుడి, పైన, కింద నాలుగు వైపుల నుంచి వెలుతురు వేసి నాలుగు ఫోటోలు తీస్తే, ఒకదాంట్లో పోయిన గీత ఇంకోదాంట్లో లేస్తుంది. పక్కన అడుగు స్కేలు పెట్టండి. తడి కాగితం అంటించి సిరాతో తీసే నకలు పని తెలిసినవాళ్లకే వదిలేయండి. పురావస్తు సర్వే శాసన విభాగం మైసూరులో ఉంది, మంచి ఫోటోలు పంపితే వాళ్లకు చదవడానికి వీలవుతుంది. గుడి జీర్ణోద్ధరణ అని ఎవరైనా మాట ఎత్తారా, ఆ వారమే ఫోటోలు తీసేయండి. ఇసుక చిమ్మే యంత్రం పట్టాక, ఎనామిల్ పెయింటు పూశాక మిగిలేది నున్నటి రాయి.

పొలాల్లో బూడిద రంగు మెత్తని మన్ను దిబ్బ కనిపించి, దాన్ని పాటిదిబ్బ అంటుంటే అది పాత ఊరు. రైతులు ఎరువుగా పాటిమన్ను తోలుకుంటారు. పెంకు ముక్కలు కనిపిస్తే చోటు పటంలో గుర్తు పెట్టి ఫోటో తీయండి, తవ్వొద్దు. తవ్వితే చట్టంతో పని, పైగా పొర చెడిపోతే ఆ పెంకు ఏ కాలందో ఎవరూ చెప్పలేరు.

సర్వే అధికారి మెకంజీ దొర మనుషులు 1800 ప్రాంతాల్లో ఊరూరా రాయించిన కైఫియత్తులు (ఊరి వృత్తాంతాలు) మీ ఊరికి ఉంటే అదృష్టమే. చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో అడగండి. చదివేటప్పుడు వెనక నుంచి చదవండి. మొదటి పేజీల్లో జనమేజయుడు, ముక్కంటి పల్లవుడు వస్తారు, చాలా ఊళ్లకు వాళ్లే వస్తారు. రాసినవాడికి కళ్లెదుట ఉన్నది ఆఖరి పేజీల్లో ఉంటుంది: చెరువులు, మాన్యాలు, అమలుదార్ల పేర్లు.

పట్నంతో ముడి

దీనికి విడిగా ఒక అధ్యాయం పెట్టండి, పట్నం పక్క ఊరికి ఇదే అసలు సంగతి. ఊరి నుంచి పట్నానికి ఏం పోయేది: పాలు, గడ్డి, కూరగాయలు, పిడకలు, మొలగొలుకుల బియ్యం, పని మనుషులు. పట్నం నుంచి ఏం వచ్చేది: కిరసనాయిలు, అప్పు, సినిమా, డాక్టరు. మొదటి బస్సు ఏ దారిన, ఎన్ని ట్రిప్పులు, బస్సు రాని రోజుల్లో ఏ కాలువ దాటి నడిచేవాళ్లు. 1899లో మద్రాసు బెజవాడ రైలు మార్గం పడ్డాక ఏ ఊరికి స్టేషను దక్కిందో, ఏ ఊరికి దక్కలేదో చూస్తే తర్వాత ఏ ఊరు పెరిగిందో తెలుస్తుంది. మొదటి లేఔట్ ఏ సర్వే నంబరులో పడింది అన్నది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఈసీతో (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తేలుతుంది. 1983 నుంచి కంప్యూటర్లో ఉంది, దానికి ముందుది చేతితో వెతికించాలి. నెల్లూరు వారపత్రిక జమీన్ రైతు పాత సంచికలు, వేటపాలెం సారస్వత నికేతనంలోని పాత పేపర్లు తిరగేస్తే మీ ఊరి పేరు అనుకోని చోట కనిపిస్తుంది, సాధారణంగా చెరువు తగాదాలోనో ఎన్నికల గొడవలోనో.

రాయడం, అచ్చు

ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడిదో చిన్నగా గుర్తు పెట్టుకోండి: కా. అంటే కాగితం, మా. అంటే మాట, రా. అంటే రాయి. మాటకూ కాగితానికీ పడకపోతే రెండూ రాసేయండి. ఇప్పటి పట్టాదారుల పేర్లు, సర్వే నంబర్లు జతచేసి అచ్చువేయొద్దు. ఊరి చరిత్ర పుస్తకాన్ని భూమి దావాలో సాక్ష్యంగా పట్టుకెళ్లినవాళ్లున్నారు. కులం పేరుతో ఉన్న చేను పేర్లను మార్చొద్దు, ఆ చేను ఎవరికి ఏ పని కింద దక్కిందో చెప్పేది ఆ పేరే. తిట్టుగా వాడే మాటైతే ఆ వాడవాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకున్న తీరున వేయండి. బడి రిజిస్టరు, చర్చి రిజిస్టరు వివరాలు బతికున్నవాళ్లవైతే అసలే వద్దు.

పుస్తకం డెమ్మీ సైజులో వేస్తే ఫారానికి 16 పేజీలు. 80 పేజీలైతే 5 ఫారాలు సరిగ్గా సరిపోతుంది, 83 అయితే 13 తెల్ల పేజీలకు డబ్బు కట్టినట్టు. ప్రెస్సువాళ్లు యూనికోడ్‌ను ‘అను’ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు, అరసున్నలు, అంకెలు చెడతాయి. శాసన పాఠం ఉన్న పేజీలు, ఫసలీ అంకెలున్న పేజీలు మార్చాక మళ్లీ అక్షరమక్షరం దిద్దాలి. పటాన్ని అట్ట లోపల మడిచి పెట్టించండి, పేజీలో కుదించి వేస్తే చేను పేర్లు చదవడానికి భూతద్దం కావాలి. అచ్చుకు ముందు ఆ పటాన్ని రామాలయం అరుగు మీద వారం రోజులు అతికించి, పక్కన తాడుకు పెన్సిలు కట్టండి. పెద్దవాళ్లు ఎవరితోనైనా చదివించుకుని తప్పులు దిద్దిస్తారు, మీరు అడగని చేల పేర్లు కూడా రాయిస్తారు.